సగం పోసిన ఆముదం

ముందే చెప్పుకుంటున్నాను, నా రాత నెమ్మది. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. నలభై ఆరో ఏట పలక పట్టుకున్నదాన్ని. ఒక్కో కాగితం నింపడానికి రెండు మూడు రోజులు పడుతోంది. తప్పు కనబడిన చోట మీరే దిద్దుకుని ముందుకు వెళ్లండి. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

అది తొంభై ఆరో సంవత్సరం వేసవి. మాది మొగల్తూరు అవతల, ఉప్పుటేరుకి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. అక్కడ నేల ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. కాలవలో నీళ్లున్నప్పుడే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. వేసవిలో కాలవ కట్టేశాక మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ ఆ చెరువే దిక్కు. నేను రోజుకి ఆరు బిందెలు మోసేదాన్ని.

మా ఆయన పేరు వీరాస్వామి. కౌలు వ్యవసాయం. ఆయనకి ఆముదం మీద ఉన్నంత నమ్మకం ఇంకే మందు మీదా లేదు. మోకాలు పట్టేస్తే ఆముదపాకు వెచ్చచేసి కట్టించుకునేవారు. కళ్లు మండితే మాడున ఇంత ఆముదం అంటించుకునేవారు. మా అమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు కడుపు ఉబ్బితే బొడ్డు చుట్టూ ఆయనే రాసేవారు. ఇవన్నీ కాక ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందోసారి, కార్తీకం వెళ్లాక ఓసారి, కడుపు శుభ్రానికి తాగేవారు. “డాక్టరైనా చివరికి ఇదే రాస్తాడే. ఇంగ్లీషులో రాస్తాడంతే,” అనేవారు.

ఆ ఆముదం నేనే వండేదాన్ని. గింజలు మంగలంలో దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, నీళ్లలో పోసి పొద్దంతా మరగబెడితే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చుకుని, చిటపటలు ఆగేదాకా మళ్లీ కాచాలి. పక్కూళ్ల బాలింతలకి కూడా మా ఇంటి నుంచే సీసాలు వెళ్లేవి.

ఆయన తాగడానికి మా అత్తగారి నాటి వెండి ఉగ్గుగిన్నె ఒకటుండేది. లోపల ఒక గీత. ఆ గీత దాకా పోస్తే ఆయనకి సరిగ్గా సరిపోతుంది. అంత గట్టి మనిషి, ఆ గిన్నె చూస్తే మాత్రం పసిపిల్లాడైపోయేవారు. ముక్కు మూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, “నువ్వే పొయ్యి, నే చూడను. పోసి నోటి దగ్గరెట్టు,” అనేవారు. ఇరవై ఏడేళ్లు అలాగే తాగారు.

ఆ వేసవికి ముందు ఏడాది పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మెంబరుగా నిలబడాలని ఆయనకి చాలాకాలంగా కోరిక. తీరా చూస్తే మా వార్డు ఆడవాళ్లకి కేటాయించారు. నా పేరు పెట్టించారు. నామినేషను కాగితం మీద వేలిముద్ర వేసింది నేను, ఇంటింటికీ తిరిగి ఓట్లడిగింది ఆయన. గెలిచాక దండ కూడా ఆయన మెడలోనే వేశారు. ఊళ్లో అందరూ ఆయన్నే “మెంబరు గారూ” అని పిలిచేవారు. మీటింగులకి ఆయన వెళ్లేవారు. తర్వాత గుమస్తా కామేశం గారు పుస్తకం ఇంటికి పంపేవారు. నేను వంకాయలు కోస్తూనో, పేడ కలుపుతూనో ఉంటే చెయ్యి తుడుచుకుని వేలు వేసేదాన్ని. అందులో ఏముందో అడగాలని నాకు తోచలేదు. కాగితం ఏదొచ్చినా ఆయనే చదివి చెప్పేవారు. ఆయన ఎనిమిదో తరగతి దాకా చదివారు.

మే నెల మూడో వారంలో, సోమవారంనాడు నోటీసు వచ్చింది. అరుగు మీద కూర్చుని ఆయన పైకి చదివారు. సత్యప్రసాద్ గారు అని పట్నం నుంచి వచ్చినాయన మా ఊరి చివర ముప్పై ఎకరాలు తీసుకుని రొయ్యల చెరువులు తవ్విస్తున్నారు. ఉప్పుటేరు నుంచి వాటికి నీళ్లు తెచ్చుకోవడానికి, మంచినీళ్ల చెరువు గట్టు పక్కగా ఒక బోదె తవ్వుకుంటామని అడిగారు. దానికి పంచాయతీ ఒప్పుకుంటూ తీర్మానం చెయ్యాలి. గురువారం పదకొండు గంటలకి మీటింగు.

మా తోటికోడలు చిట్టెమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపేసింది.

“బావగారూ, అలా చేస్తే మన నీళ్లు పోతాయండి. మా పుట్టింటి ఊళ్లో ఇలాగే తవ్వారు. ఏడాది తిరక్కుండా ఊట దిగి చెరువు ఉప్పెక్కిపోయింది. ఇప్పుడక్కడ పప్పు ఉడకదు. మా వదిన రెండు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకుంటాది.”

“అక్కడోళ్లు గట్టు సరిగా వేసుండరు. ఇక్కడ సిమెంటు వేస్తారంట.”

“నీళ్లకి సిమెంటు అడ్డమాండి?”

“నీకెందుకే ఇయ్యన్నీ? బియ్యం చెరుగు.”

“నాకెందుకంటారేంటండీ. బిందె నెత్తినెట్టుకునేది మేమా, మీరా?” అని చిట్టెమ్మ నవ్వింది. ఆయన కూడా నవ్వేశారు. ఆయన కోపిష్టి కాదు.

చిట్టెమ్మ వెళ్లాక నాతో అసలు సంగతి చెప్పారు. మొత్తం తొమ్మిది మంది. సర్పంచి అప్పాజీ గారితో కలిపి నలుగురు బోదె కావాలని, నలుగురు వద్దని. మిగిలింది మా ఓటు.

“మాటిచ్చేశాను,” అన్నారు.

“ఎవరికండీ?”

“సత్యప్రసాద్ గారికి. చెరువుల మీద సూపరైజరుగా నన్ను పెట్టుకుంటానన్నారు. నెల జీతం. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోవడమే. నలభై తొమ్మిదేళ్లొచ్చాయే. ఈ నడుముతో ఇంకెన్నాళ్లు బురద తొక్కను?”

ఆ మాట అబద్ధం కాదు. నాట్ల రోజుల్లో ఆయన నడుముకి రోజూ ఆముదం రాసేది నేనే. సాయంత్రానికి ఆయన లేచి నిలబడడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. బిందె తీసుకుని చెరువుకి వెళ్లాను. నీళ్లు అడుక్కి దిగి, తేటగా ఉన్నాయి. గట్టు మీద, బోదె వచ్చే చోట అప్పటికే ముగ్గుతో గీతలు గీసి ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం సత్యప్రసాద్ గారు తమ షెడ్డు దగ్గర భోజనాలు పెట్టారు. నాటుకోడి, రొయ్యల వేపుడు. మా ఆయన వెళ్లొచ్చారు. సాయంత్రానికి కడుపు బిగిసిపోయింది. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, “ఎలాగూ తొలకరి తాగుడు ఉంది కదా, రేపే పోసెయ్. రేపంతా పోయి, ఎల్లుండికి తేలిగ్గా ఉంటాను,” అన్నారు.

బుధవారం తెల్లవారుజామున పెరట్లో నేను సీసా తీశాను. ఆయన పీట మీద కూర్చుని ముక్కు మూసుకున్నారు, కళ్లు మూసుకున్నారు. నేను పోస్తున్నాను. వంటాముదం చిక్కగా, సన్నటి ధారలా పడుతుంది, తొందరపడదు. గీతకి సగం వచ్చింది. నేను సీసా పైకెత్తాను.

అప్పుడు ఏమనుకున్నానో చెప్పమని తర్వాత చిట్టెమ్మ చాలాసార్లు అడిగింది. పెద్దగా ఏమీ అనుకోలేదు. ఇది సరిపోదని మాత్రం నాకు తెలుసు. గిన్నె నోటి దగ్గర పెట్టాను. ఆయన ఒక్క గుక్కలో మింగి, వేడినీళ్లు తాగి, “అబ్బా, ఇయ్యాళ తొందరగానే అయిపోయిందే,” అన్నారు.

ఆ రోజంతా కడుపులో మెలిపెట్టడమే కానీ పని జరగలేదు. ఆయన పెరట్లోకి వెళ్లడం, ఊరికే తిరిగి రావడం. వేడినీళ్లు నాలుగు చెంబులు తాగారు. చిట్టెమ్మ దడి అవతల నుంచి, “ఏంటి బావగారూ, దారి తప్పిందా?” అని అడిగింది.

“మీ అక్క వండిన ఆముదం చచ్చింది. గుడ్డి దీపానికి కూడా పనికిరాదు.”

“గింజలు పాతవేమోనండి,” అన్నాను నేను. అది అబద్ధం. గింజలు ఆ ఏటివే.

గురువారం పొద్దున్న ఆయనే లెక్క వేసుకున్నారు. “ఇప్పుడు ఆరైంది. ఇంకోసారి పొయ్యి. నిన్నటిది లోపలుంది కాబట్టి దెబ్బకి అయిపోద్ది. తొమ్మిదికి మజ్జిగ తాగితే ఆగిపోద్ది. పదకొండుకి మీటింగు.”

“మీటింగయ్యాక తాగకూడదా?”

“ఈ కడుపేసుకుని అక్కడ కూర్చోమంటావా? పొయ్యి.”

నేను వద్దని ఇంకోసారి అనలేదు. ఈసారి గీత దాకా పోశాను. గీత దాటించలేదు. అది కూడా చెప్పాలి.

ఏడున్నరకి మొదలైంది. రెండు రోజులది కలిసి వచ్చింది. తొమ్మిదికి మజ్జిగ అడిగారు. ఇచ్చాను, ఉప్పు వేసి, చిక్కగానే ఇచ్చాను. పదింటికి ఇంకో గ్లాసు. పదిన్నరకి పంచె కట్టుకుని, కండువా వేసుకుని వీధిలోకి నడిచారు. కామాక్షమ్మ గారి పాక దాటకుండానే వెనక్కి తిరిగి, పంచె ఎగ్గట్టి పరిగెత్తుకుంటూ వచ్చారు. చిట్టెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండోసారి గుమ్మం దాకానే వెళ్లగలిగారు. ఆ తర్వాత మంచం మీద పడిపోయి, “నా వల్ల కాదు. మాటిచ్చాను కదా, పుస్తకం ఇంటికి పంపుతారులే. వేలు వేసెయ్,” అన్నారు.

నేను ఆయన తల కింద దిండు సర్ది, మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, ఉతికిన చీర కట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. ఎక్కడికని అడగలేదు. కాసేపు చూస్తూ ఉండమని చిట్టెమ్మకి చెప్పి బయల్దేరాను.

పంచాయతీ ఆఫీసు ఒకటే గది. అందులో నేను అడుగుపెట్టడం అదే మొదలు. సూర్యకళ అక్కడుంది. ఆవిడ కూడా మెంబరే, మంచినీళ్ల చెరువు పక్క వార్డుది. భర్త కువైట్‌లో ఉంటాడు కాబట్టి ఆవిడ మీటింగులకి ఆవిడే వచ్చేది. నన్ను చూసి తన పక్క కుర్చీ ఇటు జరిపింది.

“వీరాస్వామి గారు ఏరమ్మా?” అన్నారు కామేశం గారు.

“ఒంట్లో బాలేదండి.”

“అయ్యో, ఏమైంది?”

“ఆముదం తాగారండి.”

గదంతా నవ్వింది. అప్పాజీ గారు కళ్లు తుడుచుకుంటూ, “ఇవాళే దొరికిందటమ్మా ముహూర్తం? అయినా ఇంత ఎండలో నువ్వు రావడమెందుకు? పుస్తకం పంపేవాళ్లం కదా,” అన్నారు.

“దగ్గరే కదండి. వచ్చాను.”

కుర్చీలో కూర్చున్నాను. కామేశం గారు పుస్తకం నా ముందు పెట్టి, ఇంకు డబ్బా మూత తీశారు. “ఇక్కడ వేసేయండమ్మా.”

“ఏం రాశారండి ఇందులో?”

“అదేనమ్మా, బోదె తీర్మానం.”

సూర్యకళ పుస్తకం తనవైపు తిప్పుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. ఫలానా తేదీ సమావేశంలో సభ్యులు కూలంకషంగా చర్చించి, అయిదుగురు అనుకూలంగానూ నలుగురు వ్యతిరేకంగానూ ఉండగా తీర్మానం ఆమోదించారని ఉంది. అనుకూలమైనవారి పేర్లలో చివరిది నాది. చర్చ ఇంకా మొదలవ్వలేదు. కామేశం గారు మంచి మనిషే. పని తేలికవుతుందని ముందే రాసి పెట్టుకున్నారు, ఎప్పుడూ అలాగే రాస్తారట.

“నేనింకా చెప్పలేదు కదండి,” అన్నాను.

“మొన్న వీరాస్వామి గారు చెప్పారు కదమ్మా.”

“ఆయన మెంబరు కాదు కదండి.”

గట్టిగా అనలేదు. ఫ్యాను చప్పుడులో చివరివాళ్లకి వినబడిందో లేదో కూడా తెలీదు. మళ్లీ అన్నాను. “నా పేరు అటు రాయకండి. సూర్యకళ గారి పక్కన రాయండి.”

అప్పాజీ గారు నవ్వడం మానేశారు. కాసేపు బల్ల మీద వేళ్లతో కొట్టి, మెత్తగా అన్నారు. “చూడమ్మా, ఇంట్లో మాట్లాడుకోకుండా ఇలాంటివి చెప్పకూడదు. మీ ఆయనకి కూడా ఇందులో మేలుంది, నీకు తెలుసో లేదో. వారం వాయిదా వేద్దాం. ఆయన కోలుకున్నాక ఇద్దరూ కలిసి రండి.”

వారం తర్వాత ఆయన నా పక్కన కూర్చుంటే నేను ఈ మాట చెప్పలేను. అది నాకు తెలుసు.

సూర్యకళ అందుకుంది. “అయిదు నాలుగని ముందే రాసేటప్పుడు వాయిదా గుర్తు రాలేదా అప్పాజీ గారూ? కొట్టేయాల్సి వచ్చేసరికి గుర్తొచ్చిందా?”

“నేను రాయించానా అమ్మా?”

“మరి కామేశం గారికి కలొచ్చిందా అండీ?”

ఈసారి అటువైపు వాళ్లు కూడా నవ్వారు. కామేశం గారి ముఖం ఎర్రబడింది. అప్పాజీ గారు కుర్చీలో వెనక్కి వాలి, “రాయవయ్యా, రాయి. ఎలా చెబితే అలా రాయి,” అన్నారు. కామేశం గారు స్కేలు పెట్టి, రాసింది కొట్టేసి, కింద మళ్లీ రాశారు. సూర్యకళ రెండుసార్లు చదివి వినిపించింది. అప్పుడు వేలు వేశాను.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. ఆయన లేచి గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముఖం పీక్కుపోయి ఉంది. చారు కాచి, మెత్తగా వండిన అన్నంలో కలిపి పళ్లెం ముందు పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక చెప్పాను. ఎవరో చెప్పేకన్నా నేను చెప్పడమే నయమనిపించింది.

“మీటింగుకి వెళ్లానండి. బోదె వద్దన్నాను. తీర్మానం పోయింది.”

ఆయన ముద్ద పళ్లెంలో పెట్టేశారు. వీధివైపు చూశారు. “నిన్న ఎంత పోశావే?” అన్నారు.

“గీతకి సగమండి.”

“ఇయ్యాళ?”

“గీత దాకా.”

మళ్లీ తినడం మొదలుపెట్టారు. పళ్లెం ఖాళీ చేశారు. చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ, “నేను కళ్లు మూసుకుని తాగాను,” అన్నారు. అంతే. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. పడుకుని గోడవైపు తిరిగారు.

సత్యప్రసాద్ గారు బోదెని పడమర నుంచి, పక్క ఊరి పొలాల మీదుగా తిప్పుకున్నారు. మా చెరువుకి దూరంగా పోయింది. ఆ ఊరి మనిషినే సూపరైజరుగా పెట్టుకున్నారు. అతని కుర్చీ, గొడుగు మా పొలం గట్టు నుంచి కనబడేవి. జూన్‌లో కాలవ వదిలారు. మా ఆయన నాట్లకి దిగారు. నడుముకి ఆముదం రాయమని అడగలేదు. నేను సీసా పట్టుకుని వెళితే, “అక్కర్లేదు. నొప్పి లేదు,” అన్నారు.

ఊళ్లో వాళ్లు ఆయన్ని మెంబరు గారూ అనడం మానేశారు. కొందరు, “ఏం వీరాస్వామీ, కడుపు ఎలా ఉంది?” అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. నన్ను చిట్టెమ్మ కొన్నాళ్లు “ఆముదం మెంబరు గారూ” అని పిలిచి, తర్వాత మర్చిపోయింది.

జూలైలో ఇంకో మీటింగు నోటీసు వచ్చింది. ఆయన తీసుకుని, నేను కూర్చున్న పీట పక్కన పెట్టారు.

“నీకొచ్చింది.”

“ఏం రాశారో చదివి చెప్పండి.”

“మెంబరువి నువ్వు కదా,” అన్నారు. ఎత్తిపొడుపుగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి, పార భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ కాగితం మూడు రోజులు అక్కడే ఉంది. నాలుగో రోజు సూర్యకళ దగ్గరికి తీసుకెళ్లి చదివించుకున్నాను. ఆ తర్వాత కాగితాలూ అంతే. ప్రతిసారీ ఆవిడ ఇంటికి పరిగెత్తడం బాగోక, సాయంత్రాలు స్కూల్లో పెద్దవాళ్లకి చెప్పే చదువుకి వెళ్లడం మొదలుపెట్టాను. ఎనిమిది నెలలు పట్టింది. చదువుకున్నానని అందరూ మెచ్చుకుంటారు. ఆయన చదివి పెట్టడం మానేశారు కాబట్టి నేర్చుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు కార్తీకం వెళ్లాక, ఆయన మొగల్తూరు మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చుకున్నారు. ఇంట్లో కొత్త ఆముదం రెండు సీసాలు ఉంది. అది బాలింతలకి పంచేశాను. తర్వాత పదేళ్లు ఆయన బతికారు. ఏడాదికి రెండుసార్లు ఆ మాత్రలే మింగారు. అవి పడక ఒకటి రెండుసార్లు చాలా బాధపడ్డారు కూడా. నేను అడగలేదు, ఆయన అడగలేదు. మిగతా అన్నిటికీ మామూలుగానే ఉన్నాం. మా అమ్మాయి పెళ్లి కలిసే చేశాం. తిరుపతి కలిసే వెళ్లాం. రెండువేల ఆరులో, ఊడ్పుల రోజుల్లో, ఆయన చేలోనే ఒరిగిపోయారు. యాభై తొమ్మిదేళ్లు. గట్టు మీద కుర్చీలో కూర్చునే పని దొరికుంటే ఇంకొన్నాళ్లు ఉండేవారేమో. ఉండేవారు కాదేమో. నాకు తెలీదు.

పొలం నుంచి వచ్చాక ఆయన అరుగు మీద కూర్చుని చెయ్యి చాపేవారు. నేను చెంబు అందించేదాన్ని. ఆ చెరువు నీళ్లు ఆయన పదేళ్లూ నా చేత్తోనే తాగారు. బాగున్నాయని గానీ, బాలేవని గానీ ఒక్కనాడూ అనలేదు.

నా పేరు గుబ్బల పెద్దింట్లమ్మ. యాభై ఎనిమిదేళ్లు నిండాయి. ఇప్పుడు జంగారెడ్డిగూడెంలో మా అమ్మాయి దుర్గాశ్రీ ఇంట్లో ఉంటున్నాను.